దేవదాసు పుట్టిన సీమలో

తాగుడు మీద, మనసు జబ్బుల మీద బందరు, గుడివాడ, దివిసీమల్లో ఒక బొమ్మల ప్రదర్శన పెట్టాలంటే ముందుగా ఎవరిని అడగాలి? గోడకు ఏది ఎక్కాలి, ఏది ఎక్కకూడదు?

తెలుగువాళ్లకు తాగినవాడి కళ్లంటే అక్కినేని కళ్లే. సగం వాలిన రెప్పలు, మనల్ని దాటి ఎటో పోయే చూపు. ‘దేవదాసు’ 1953 జూన్ 26న విడుదలైంది. ఆ తర్వాత పరిషత్తు నాటకంలోగానీ సినిమాలోగానీ తాగుబోతు వేషం కట్టినవాడు ఆ చూపును ఎంతో కొంత అరువు తెచ్చుకోక తప్పలేదు. దాని గుట్టు అక్కినేని నాగేశ్వరరావే చాలాసార్లు విప్పారు. రాత్రి షూటింగుకు ముందు సుష్టుగా పెరుగన్నం తినేవారట. నిద్ర ముంచుకొస్తుంటే కెమెరా తిరిగేది. అంటే డెబ్బై ఏళ్లుగా మనం మందు నిషా అనుకుంటున్నది కడుపునిండిన మనిషి కునికిపాటు.

నటనగా దానికి వంక పెట్టలేం. అసలు తాగుడును ఇంట్లో చూసినవాళ్లకు మాత్రం వేరే బొమ్మ గుర్తుకొస్తుంది. తెల్లారేసరికి వణికే చేతులు, టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం, అయినా తొణకడం. అన్నం సయించకపోవడం. పిల్లాడి ఫీజు కోసం దాచిన డబ్బు డబ్బాలో లేకపోవడం. ఈ బొమ్మ ఏ పోస్టరు మీదా పడలేదు.

ఆ సినిమాకూ ఈ సీమకూ చుట్టరికం దగ్గరిదే. హీరోది గుడివాడ పక్క రామాపురం. పాట పాడిన ఘంటసాలది గుడివాడ పక్కనే చౌటపల్లి. దర్శకుడు వేదాంతం రాఘవయ్యది కూచిపూడి. కథ నవలాకారుడు శరత్‌బాబుదే, బెంగాలు నుంచి వచ్చిందే. కానీ తెలుగు దేవదాసు చూపు, గొంతు, నడక మూడూ కృష్ణా దిగువ డెల్టాలో ఒక్కరోజులో చుట్టిరాగల ఊళ్లవి. తాగుడును అందంగా చూపించడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరని ధైర్యంగా చెప్పుకోవచ్చు. అది మెచ్చుకోలో కాదో మీరే తేల్చుకోండి.

పార్వతి వేషం వేసిన సావిత్రిది కృష్ణకు అవతలి ఒడ్డున చిర్రావూరు. తెర మీద తాగింది దేవదాసు, తెర బయట తాగుడు చుట్టుకున్నది పార్వతిని. 19 నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న ఆమె కన్నుమూశారు. దేవదాసు తాగితే విరహం అన్నాం. సావిత్రి తాగితే పతనం అన్నాం. ఇద్దరికీ వేరువేరు కొలబద్దలు పెట్టుకున్నామన్న ఎరుక ‘మహానటి’ సినిమా వచ్చిన 2018 దాకా మనకు పెద్దగా కలగలేదు. ఆడమనిషి తాగుడు గురించి ఈరోజుకీ మన ఊళ్లలో మాట్లాడరు. గుసగుసలాడతారు, అంతే.

పుర్రె, సీసా, పాము

మానసిక ఆరోగ్యం మీద, వ్యసనాల మీద ప్రపంచంలో చాలాచోట్ల ఇప్పుడు చిత్ర ప్రదర్శనలు పెడుతున్నారు. జబ్బు పడ్డవాళ్లూ, మందు మానినవాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ వేసిన బొమ్మలు, కుట్టిన గుడ్డలు, తీసిన ఫొటోలు గ్యాలరీల్లోకి వస్తున్నాయి. మన దగ్గర ఈ విషయానికి ఏడాదిలో రెండు రోజులు కేటాయించారు. అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. జూన్ 26 మాదకద్రవ్యాల వ్యతిరేక దినం. ఐక్యరాజ్యసమితి 1987లో తేదీ ఖరారు చేసేటప్పుడు అది ‘దేవదాసు’ విడుదలైన రోజని వాళ్లకు తెలిసి ఉండదు.

ఆ రెండు రోజుల్లో జరిగేది అందరికీ తెలిసిందే. బడిపిల్లల ర్యాలీ బందరు కోనేరు సెంటరు దాకా వెళ్లి మానవహారం కడుతుంది. అధికారి ప్రతిజ్ఞ చేయిస్తారు. వ్యాసరచన, చిత్రలేఖనం పోటీలుంటాయి. చిత్రలేఖనంలో మొదటి బహుమతి పొందే బొమ్మ ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పొచ్చు. సీసా, సీసాలోంచి లేచే పాము, పక్కన పుర్రె, కింద ఏడుస్తున్న తల్లీపిల్లలు, పైన ఎర్రరంగులో నినాదం. ఆ బొమ్మ వేసిన పిల్లల్లో కొందరి నాన్నలు ఆ సాయంత్రమే తాగి ఇంటికొస్తారు. ఆ పిల్లలకు తెలిసిన నాన్న పుర్రె కాదు. పొద్దున సైకిలు మీద బడి దగ్గర దింపి, జేబులో ఉన్న పది రూపాయలూ ఇచ్చి వెళ్లినవాడు కూడా ఆయనే. ఆ నాన్న బొమ్మ వేస్తే ఏ న్యాయనిర్ణేతా బహుమతి ఇవ్వడు. పిల్లలకు అది చప్పున అర్థమైపోతుంది, అందుకే పుర్రె వేస్తారు.

దేవదాసు, పుర్రె. ఈ రెండే మన దగ్గరున్న బొమ్మలు. మధ్యలో ఉన్న మనుషుల లెక్క మాత్రం పెద్దది. కేంద్ర సామాజిక న్యాయశాఖ ఎయిమ్స్‌తో చేయించి 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వాళ్లలో 5.7 కోట్ల మందికి ఆ తాగుడు నుంచి బయటపడే సాయం కావాలి. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మనసు జబ్బుల సంగతికొస్తే, నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక సమస్య ఉందని తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అక్కడా మన బొమ్మ పడలేదన్నమాట.

ఇక్కడి మాటల్లో చెప్పాలంటే, మనసు బాగాలేనివాణ్ని ముందు గాలి సోకిందని చెట్టు దగ్గరికో దర్గాకో తీసుకెళ్తారు. తర్వాత ‘నరాల డాక్టరు’ దగ్గరికి. అదీ సొంత ఊళ్లో చూపించుకోరు. బందరువాళ్లు బెజవాడ వెళ్తారు, బస్సులో 70 కిలోమీటర్లు. తెలిసినవాళ్లు ఎదురైతే షుగరు చూపించుకోవడానికి వచ్చామంటారు. తాగుడు మాన్పించడానికి పసరు మందు పోసే ఊళ్ల పేర్లు మాత్రం బడ్డీకొట్టు దగ్గర అడిగినా చెబుతారు.

గెలిచిన కథలో గాడిద ఎక్కినవాడు

వ్యసనం మీద తెలుగునేలలో జరిగిన అతి పెద్ద కళాప్రదర్శన ఏదంటే నేను నెల్లూరు పేరు చెబుతాను. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఆడవాళ్లకు రాత్రిబడులు పెట్టింది. వాచకంలో ‘సీతమ్మ కథ’ ఉంది, తాగుబోతు మొగుడితో వేగిన ఇల్లాలి కథ. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివినవాళ్లు ‘ఇది మా ఇల్లే’ అన్నారు. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ సంగతే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అని మరో పాఠమైంది. దాన్ని పక్క ఊళ్లు చదివాయి. కళాజాతాలు పాటలు కట్టి తిప్పాయి. పాఠకురాలే పాత్ర కావడం, ఆ పాత్ర తిరిగి పాఠం కావడం ఏ గ్యాలరీ క్యూరేటరుకూ చేతకాని పని.

ఆ తర్వాతది రాజకీయ చరిత్ర. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. తెచ్చిన ఎన్టీఆర్ పామర్రు పక్క నిమ్మకూరు మనిషి, 1983లోనూ 1985లోనూ గుడివాడ నుంచి గెలిచిన మనిషి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. తర్వాత వేలంపాటలు, బెల్టు షాపులు, సర్కారు దుకాణాలు, పేరు తెలియని బ్రాండ్లు, మళ్లీ ప్రైవేటు దుకాణాలు, 2024 అక్టోబరులో 99 రూపాయల క్వార్టరు. ఇదంతా ఎక్సైజు కథ. మనకు కావలసింది ఇందులో లేదు.

నెల్లూరు కథలో ఒక చిన్న సంగతి మాత్రం నన్ను వదలదు. ఉద్యమం ఉధృతంగా ఉన్నప్పుడు కొన్ని ఊళ్లలో తాగినవాళ్లకు గుండు గీయించి గాడిద మీద ఊరేగించారు. ఆ ఆడవాళ్ల కోపాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నవాళ్లు వాళ్లు. కానీ ప్రదర్శన పెట్టబోయేవాడు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఇంతకుముందు మాట లేనివాళ్లకు మాట వచ్చింది, అదే సమయంలో ఇంకొకడు బొమ్మ అయిపోయాడు. అందరికీ చోటిచ్చే ప్రదర్శన అనగానే రోగికి గోడ ఇస్తే చాలనుకుంటాం. తాగుడు విషయంలో రోగి ఒక్కడే ఉండడు. కొట్టినవాడూ ఉంటాడు, దెబ్బలు తిన్నామె కూడా ఉంటుంది. చాలాసార్లు ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటారు. ఆయన ‘నేను మానేశాను’ అని బొమ్మ వేసి దండ వేయించుకుంటుంటే, పక్కన నిలబడ్డ ఆమెకు చప్పట్లు కొట్టాలని అనిపించకపోవచ్చు. ఆమె పడ్డదీ మోసిందీ ఎవరు అడిగారు? ఒకే ఇంటి కథను ఇద్దరి చేతా, ఒకరిది ఒకరికి చూపకుండా చెప్పించి, ఇద్దరూ ఒప్పుకుంటేనే పక్కపక్కన పెట్టాలి. ఒకరు వద్దంటే రెండోదీ ఆగాలా? నా లెక్కలో ఆమె వద్దంటే ఆగాలి. దీనికి ఒప్పుకోనివాళ్లుంటారని తెలుసు.

ఒక కుట్టుపని చొక్కా

జర్మనీలోని హైడెల్‌బర్గులో ప్రింజ్‌హోర్న్ అనే డాక్టరు మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక పిచ్చాసుపత్రులన్నిటికీ ఉత్తరాలు రాసి, రోగులు వేసిన బొమ్మలు, చేసిన వస్తువులు తెప్పించాడు. సుమారు 5,000 పోగయ్యాయి. 1922లో వాటి మీద పుస్తకం వేశాడు. పారిస్ చిత్రకారులు దాన్ని కళ్లకద్దుకున్నారు. ఆ సేకరణలో ఒక ఆడవాళ్ల చొక్కా ఉంది. కుట్టిందామె పేరు ఆగ్నెస్ రిఖ్టర్, వృత్తికి దర్జీ, ఆస్పత్రిలో ఏళ్ల తరబడి ఉన్న మనిషి. ఆస్పత్రివాళ్ల గుడ్డతోనే 1895 ప్రాంతంలో చొక్కా కుట్టుకుని, రంగురంగుల దారాలతో లోపలా బయటా అక్షరాలు కుట్టింది. వరస మీద వరస, అక్షరం మీద అక్షరం. చాలామటుకు ఎవరూ చదవలేకపోయారు. చదవగలిగినచోట ‘నేను’, ‘నా’ అన్న మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. చాకిరేవు గుర్తుగా ఆస్పత్రి వేసిన 583 నంబరును కూడా ఆమె దారంతో కుట్టుకుంది. లోపలివైపు అక్షరాలు ఒంటికి రాసుకుంటూ ఉండేవి. చెమటకు వెలిశాయి. ఆమె దాన్ని ప్రదర్శన కోసం కుట్టలేదు, తొడుక్కోవడానికి కుట్టింది. అద్దాల పెట్టెలో పెట్టడానికి ఆమెను ఎవరూ అడగలేదు.

అదే సేకరణ విషయంలో మరో రెండు సంగతులు జరిగాయి. ప్రింజ్‌హోర్న్ పుస్తకంలో ముఖ్యమైన చిత్రకారులకు మారుపేర్లు పెట్టాడు. కుటుంబాల పరువు కోసం. ఫ్రాన్స్ పోల్ అని రాసినాయన అసలు పేరు ఫ్రాన్స్ కార్ల్ బ్యూలర్, చేయి తిరిగిన లోహశిల్పి. ఆయన్ను 1940లో నాజీలు గ్రాఫెనెక్‌లో చంపేశారు. అంతకు కొంతకాలం ముందే ‘పతనమైన కళ’ అని వాళ్లు ఊరూరా తిప్పిన ప్రదర్శనలో ఈ రోగుల బొమ్మలను కొత్తతరం చిత్రకారుల బొమ్మల పక్కన పెట్టి, చూడండి రెండూ ఒకటేనని జనాన్ని నవ్వించారు. బొమ్మలు అవే. ఒకడు కళ్లకద్దుకున్నాడు, ఇంకొకడు వెక్కిరించాడు. పక్కన ఏం పెట్టారు, కింద ఏం రాశారు అన్నదాన్నిబట్టి బొమ్మ మాట మారిపోతుంది. ప్రదర్శన కూర్చేవాడి చేతిలో ఉన్న కత్తి అది.

దీని పక్కన బ్రెజిల్‌ను కూడా తలచుకోవాలి. రియో నగరంలో నీజె ద సిల్వేరా అనే డాక్టరమ్మ విద్యుత్ షాకులు ఇవ్వనని మొండికేసి, 1946లో ఆస్పత్రిలోనే బొమ్మల గది తెరిచింది. 1952లో ఆ బొమ్మలతోనే మ్యూజియం పెట్టింది. వేసినవాళ్లు వచ్చి తమ బొమ్మల మధ్య మళ్లీ కూర్చుని వేసుకునేవారు. హైడెల్‌బర్గుకు బొమ్మ వచ్చింది, మనిషి రాలేదు. రియోలో ఇద్దరూ ఒకచోటే ఉన్నారు.

పేరు దాస్తే దాగుతుందా

మన చట్టం ఈ విషయంలో చాలామంది అనుకున్నదానికంటే స్పష్టంగా ఉంది. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం, మత్తుమందుల వాడకం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందే చేర్చింది. చికిత్స పొందుతున్న మనిషి ఫొటోగానీ వివరంగానీ ఆ మనిషి ఒప్పుకోకుండా మీడియాకు ఇవ్వకూడదని 24వ సెక్షను చెబుతుంది. ఇంట్లోవాళ్ల ఒప్పుదల గురించి కాదు, ఆ మనిషి ఒప్పుదల గురించే చెబుతుంది. డీ-అడిక్షన్ కేంద్రంలో మంచం మీద కూర్చున్నవాళ్ల వరసను ఫొటో తీసి, ముఖాల మీద నల్లపట్టీ వేసి వార్తల్లో వాడే అలవాటు మన పత్రికలకూ ఉంది. ఆ పట్టీతో ఏదీ దాగదు.

పల్లెలో ఇంకా కష్టం. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో మొదలైనప్పటి నుంచి ఇంటిపేరు లేకుండా, ఒట్టి పేరుతోనే మాట్లాడుకోవడం నియమంగా పెట్టుకుంది. పెద్ద ఊళ్లో అది పనిచేస్తుంది. కోడూరులోనో నాగాయలంకలోనో పేరు తీసేసినా చీర గుర్తుపడతారు, పశువుల పాక గుర్తుపడతారు, చేతిరాత చూసి ఫలానావారి కోడలనేస్తారు. కాబట్టి అవనిగడ్డ మనిషి బొమ్మ గుడివాడలో, గుడివాడ మనిషిది బందరులో పెట్టడం లాంటి మోటు ఉపాయాలే ఎక్కువ పనికొస్తాయి. కొందరికి ఈ దాగుడు అక్కర్లేదు. మానేసి పదేళ్లయినాయన తన పేరు పెద్దక్షరాలతో రాయమంటాడు, ఊరంతా చూడాలంటాడు. అదీ ఆయన హక్కే. బ్యూలర్ పేరు దాచినందుకు లోకం ఆయన్ను చాలాకాలం పోల్‌గానే ఎరిగింది.

పెడనలో అచ్చు, బందరులో గోడ

బందరుకు బొమ్మల సంగతి కొత్త కాదు. 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర అడివి బాపిరాజు, గుర్రం మల్లయ్య, కౌతా సోదరులు కుంచె పట్టారు. మనసు లోపలి చీకటి గురించి రాయడం కూడా ఈ సీమకు కొత్త కాదు. గుడివాడ పక్క అంగలూరులో పుట్టిన త్రిపురనేని గోపీచంద్ 1940ల్లోనే ‘అసమర్థుని జీవయాత్ర’ రాశారు. సీతారామారావు కుంగిపోవడం, ఎవరికీ చెప్పుకోలేకపోవడం చదివిన తరాలున్నాయి. ఇప్పటి కుర్రాళ్లకు ఆ నవల పేరు తెలియకపోయినా సీతారామారావు పరిస్థితి తెలుసు.

ఇక్కడ ప్రదర్శన పెడితే కుంచెలూ కాన్వాసులూ పట్టుకురావడం ఎందుకనిపిస్తుంది. పక్కనే అద్దకాల పెడన ఉంది. బొమ్మ వేయడం రాదని బెదిరిపోయేవాడు కూడా టేకు అచ్చు పట్టుకుని అద్దగలడు. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టిన కసీంతో నలుపు అద్దుతారు. పటికతో అద్దినచోట ఎరుపు అప్పటికప్పుడు పడదు, రంగుతొట్లో ఉడకబెట్టాకే తేలుతుంది. తర్వాత కాలవలో ఉతుకు, గట్టు మీద ఆరబెట్టు. పని పొడవునా పక్కన ఇంకో మనిషి ఉండాలి, గుడ్డ రెండో కొస పట్టుకోవడానికైనా. మందు మానిన మొదటి వారాల్లో మనిషికి కావలసింది కూడా దాదాపు ఇదే. చేతికి పని, పక్కన మనిషి, మాట్లాడమని బలవంతపెట్టని చోటు.

చేతులు వణుకుతుంటే అచ్చు గురి తప్పుతుంది. ఒక పువ్వు పక్క పువ్వు మీదికెక్కుతుంది, గీత రెండుగా పడుతుంది. పెడన వ్యాపారి అయితే ఆ గుడ్డను పక్కన పడేస్తాడు. ప్రదర్శనలో దాన్ని సరిచేయకూడదు. మొదటి వారం అద్దిన గుడ్డ, మూడో నెల అద్దిన గుడ్డ ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తే, దేవదాసు కళ్లు చెప్పనిది అక్కడ తెలుస్తుంది. మూడో నెల గుడ్డ ఇంకా ఎక్కువ వంకరపోయి ఉన్నా సరే, దాన్నీ పెట్టాలి. మళ్లీ తాగడం కూడా ఈ జబ్బులో భాగమే. గెలిచినవాళ్ల గుడ్డలే పెడితే అది పూర్వవిద్యార్థుల సన్మానసభ అవుతుంది.

పెట్టకూడనివీ చెప్పాలి. సీసాలు పెట్టకూడదు. ఖాళీ సీసాల గుట్టతో ఏదో ఒకటి కట్టడం కళాకారులకు మహా ఇష్టం. మూడు నెలలుగా మందు ముట్టని మనిషి ఆ లేబులు రంగు చూసి ఏమైపోతాడో వాళ్లకు తట్టదు. తాడు, పురుగుమందు డబ్బా లాంటివి, ప్రాణం తీసుకునే తీరును చూపించేవి ఏ రూపంలోనూ వద్దు. చెరువు పక్కన, పొలం గట్టున ఆ డబ్బాలు అందుబాటులో ఉండే జిల్లా ఇది. 14416 మనసు బాధ చెప్పుకునే టెలిమానస్ ఫోను నంబరు, 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. ఆ నంబరు బయటికెళ్లే తలుపు పక్కన పెద్దక్షరాలతో ఉండాలి. లోపలే ఒక గదిలో పరదా వేసి, చాప పరిచి, సలహాదారు ఒకరిని కూర్చోబెట్టాలి. గదికి పేరు పెట్టకపోవడమే మేలు. ‘కౌన్సెలింగ్’ అని బోర్డు పెడితే ఒక్కరూ లోపలికి అడుగు పెట్టరు. ‘రండి పిన్నీ, కాసేపు కూర్చోండి, మంచినీళ్లు తాగండి’ అంటే వస్తారు.

బొమ్మ కింద రాతను చదవలేనివాళ్లు చాలామంది వస్తారు. వేసిన మనిషి గొంతే రికార్డు చేసి వినిపించడం చవక, మంచిది కూడా. దివిసీమ యాస దివిసీమ యాసలోనే ఉండాలి, రేడియో వార్తల్లా దిద్దకూడదు.

ఉప్పెన గది

దివిసీమ దాకా వెళితే 1977 నవంబరు 19 దగ్గర ఆగాలి. ఆ శనివారం కడలి లేచి ఊళ్ల మీద పడింది. అధికారిక లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారు, అంతకంటే ఎక్కువేనని ఆ తరం వాళ్లందరూ అంటారు. బందరును 1864లో ముంచిన ఉప్పెన ఇంకా పెద్దది. కానీ దాన్ని చూసినవాళ్లు లేరు. 1977ను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. అప్పటి చంటిపిల్లలకూ ఇప్పుడు నలభై దాటి చాలాకాలమైంది. ఇళ్లు కట్టారు, తుఫాను షెల్టర్లు కట్టారు, బట్టలు పంచారు. ఎన్టీఆర్, అక్కినేని జోలె పట్టి తిరిగి విరాళాలు తెచ్చారు. తాడిచెట్టు పట్టుకుని తెల్లవార్లూ వేలాడి, చేతిలోంచి బిడ్డ జారిపోయిన మనిషి మనసు సంగతి ఏ సాయం జాబితాలోనూ లేదు. అప్పటికి మన వైద్యానికే ఆ ఆలోచన లేదు. నవంబరులో గాలి హోరెత్తితే మంచం మీద పడుకోలేనివాళ్లు తమదొక జబ్బని అనుకోలేదు. ఎవరికైనా చెప్పుకోవాలనీ అనుకోలేదు.

ఉప్పెనకూ తాగుడుకూ ముడిపెట్టి సూత్రం చెప్పేయడం తేలిక. అలా చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ప్రదర్శనలో ఉప్పెన గది ఉండాలనడానికి కారణం వేరు. మనసు జబ్బు ఏ పిచ్చివాళ్లకో, ఏ తాగుబోతుకో వచ్చేదనుకునే ఊళ్లో, ఊరంతటికీ ఒకేసారి తగిలిన దెబ్బ ఒకటుంది. దాని గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ సిగ్గుపడరు. అక్కడ మొదలుపెడితే మిగతా గదుల్లోకి నడవడం తేలికవుతుంది. అప్పటి పత్రికల్లో వచ్చిన శవాల ఫొటోలు మాత్రం ఆ గదిలో వద్దు. అవి చూసినవాళ్లకు మళ్లీ చూపించనక్కర్లేదు. చూడనివాళ్లకు అవి వింత.

శాలువాలు, ఫ్లెక్సీలు, డబ్బులు

మన దగ్గర ఏ ప్రదర్శనైనా చెడేది ప్రారంభోత్సవం దగ్గరే. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, పది ఉపన్యాసాలు, గోడల మీద బొమ్మల కంటే పెద్ద ఫ్లెక్సీలు. వేదిక మీది పెద్దల్లో ఒకరికి బారు లైసెన్సు ఉంటుంది, ఆ సంగతి కింద కూర్చున్న అందరికీ తెలుసు. ముందురోజు సాయంత్రమే బొమ్మలు వేసినవాళ్లూ వాళ్ల ఇంటివాళ్లూ మాత్రమే వచ్చి, తలుపులేసుకుని చూసుకోవాలి. మర్నాడు పెద్దలు వస్తే వచ్చారు. సోడా పేరుతోనో మ్యూజిక్ సీడీల పేరుతోనో ప్రకటనలిచ్చే మద్యం కంపెనీల రూపాయి ఇందులోకి రాకూడదు. వేసినవాళ్లకు రోజుకూలీ కట్టాలి, పెడన అద్దకం పనివాళ్లకు కట్టినట్టే. గుడ్డ అమ్ముడుపోతే ఆ డబ్బు నిన్నమొన్న మానేసినవాడి చేతికిస్తారా, భార్య చేతికిస్తారా అని నిర్వాహకులు తర్జనభర్జన పడతారు. అడగాల్సింది ఆయన్నే. ‘మా ఆవిడకివ్వండి’ అంటాడేమో, పోస్టాఫీసులో వేయమంటాడేమో. తన చేతికే ఇవ్వమంటే ఇవ్వాలి, లోపల ఎంత పీకుతున్నా సరే.

వేళ కూడా చూసుకోవాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. గిలకలదిండిలో, నాగాయలంకలో మగవాళ్లు ఒడ్డున ఉండే కాలం అదే. చేతిలో పనిలేక, జేబులో డబ్బులేక గడిపే కాలం కూడా అదే. ఎండలు మండినా జూన్ మొదటివారం మంచిది, సాయంత్రం పూట తెరిచి రాత్రి తొమ్మిది దాకా ఉంచితే. చోటు సంగతికొస్తే, బందరులో జాతీయ కళాశాల, గుడివాడలో అక్కినేని పేరు మీదే 1950లో వెలసిన కాలేజీ. దేవదాసు పేరున్న చోట ఈ గుడ్డలు వేలాడితే ఆయన బతికున్నా కాదనేవారు కాదు. తర్వాత అవనిగడ్డ. గుడ్డలు కాబట్టి మడిచి బస్సులో వేసుకుపోవచ్చు.

అయిపోయాక ఏం చేస్తారన్నది ఎవరూ రాసుకోరు. హైడెల్‌బర్గుకు చేరిన చొక్కా ఆగ్నెస్‌కు తిరిగి రాలేదు. ఇక్కడ ప్రతి గుడ్డా వేసిన మనిషికి తిరిగి వెళ్లాలి. ఇంట్లో ఆడపిల్లకు సంబంధాలు చూస్తుంటే దాన్ని గోడకు కట్టుకోరు, బీరువా అడుగున పెడతారు, కాల్చేస్తారు కూడా. వాళ్లిష్టం. ఒప్పుదల కాగితం మీద మొదట్లో పెట్టించుకున్న సంతకం చాలదు. ఊరు మారినప్పుడల్లా, పత్రికలో ఫొటో వేసేటప్పుడల్లా, మళ్లీ అడగాలి. వద్దంటే ఎందుకని అడగకుండా దించేయాలి. చదవడం రానివాళ్లకు కాగితం చదివి వినిపించి, ఇంటికి తీసుకెళ్లి వారం తర్వాత తెమ్మనాలి. ఆ వారంలో కొందరు మనసు మార్చుకుంటారు. వాళ్ల పేర్లు జాబితాలోంచి తీసేసి, మిగిలినవాళ్లతోనే గోడలు కొలుచుకోవాలి.